బాణం కదలని గురువారం

ఆ గురువారానికి కవిత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి అత్తతో కలిసి చేనికి పోయి బంతిపూలు తెంపాలి. తొమ్మిదికి ఇల్లు చేరాలి. తలస్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, పదకొండున్నరకల్లా లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. పన్నెండింటికి పరీక్ష మొదలై పన్నెండున్నరకు ముగుస్తుంది. ఆ తరువాత బెండకాయలు తరగాలి.

పరీక్ష తెలుగు టైపింగులో. పాత తెలుగు పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించే కంపెనీ ఒకటి మొయినాబాద్‌లో ఆఫీసు తెరుస్తూ ఇరవై మందిని తీసుకుంటోంది. కనకమామిడి నుంచి అది ఆటో దూరం. సొంత కంప్యూటరున్న వాళ్ళు ఇంట్లో కూర్చొనే పరీక్ష రాయవచ్చు. కంపెనీ మనిషి ముందే వచ్చి, కవిత లాప్‌టాప్‌లో పరీక్ష ప్రోగ్రాం ఎక్కించి, ఆమె నంబరును దానికి ముడివేసి పోయాడు. ఆ పరీక్ష ఇక ఆ మిషను మీద తప్ప మరో దాని మీద తెరుచుకోదు. పన్నెండు దాటితే దాని మీదా తెరుచుకోదు.

ఆ ఇంట్లో పాసుబుక్కు మామ కృష్ణయ్య పేరు మీద, గ్యాసు అత్త రాములమ్మ పేరు మీద, బండి భర్త భూపాల్ పేరు మీద ఉన్నాయి. రేషన్ కార్డులో కవితది నాలుగో పేరు. ఆమె పేరు మాత్రమే అచ్చయిన కాగితం ఆ ఇంటికి రావడం ఆ హాల్‌టికెట్‌తోనే మొదలు. ఆమె దాన్ని రోజుకు రెండుసార్లు తీసి చూసుకొని, మళ్ళీ మడత నలగకుండా పెట్టేది.

లాప్‌టాప్ కథ కొంత చెప్పాలి. భూపాల్ వెంచర్లలో ప్లాట్లు చూపించే పని చేస్తాడు. గండిపేట దిక్కు ప్లాటు కొన్న ఒక సాఫ్ట్‌వేర్ సారు కొత్త లాప్‌టాప్ తీసుకొని పాతది భూపాల్ చేతిలో పెట్టాడు. అందులో అందరికీ తెలిసిన విండోస్ లేదు. ఎవరైనా ఊరికే వాడుకోగల, తెలిసినవాళ్ళు విప్పి బాగుచేసుకోగల లినక్స్ ఉంది. మూత మీద దాని గుర్తు, తెల్ల పొట్ట పెంగ్విన్ బొమ్మ. రాములమ్మ దాన్ని పిట్ట కంప్యూటర్ అనేది. నాలుగు రోజుల కింద దసరా నాడు నాగలి, కొడవళ్ళు, మోటరు స్టార్టరు, బండి పూజ అందుకున్నప్పుడు వాటి సరసన పీట మీద పిట్ట కంప్యూటర్ కూడా తెరుచుకొని కూర్చుంది. పిట్టకు పసుపు, కుంకుమ, రెండు అక్షింతలు దక్కాయి.

ఆడవాళ్ళిద్దరూ చేనికి పోయాక, ఏడున్నరకు, భూపాల్ లాప్‌టాప్ తెరిచాడు. చెడు ఉద్దేశం ఏమీ లేదు. పది గంటలకు మడికి నీళ్ళు పారాలంటే తొమ్మిదింటికే మోటరు వేసి చూసుకోవాలన్నది అతని పద్ధతి. భార్య పరీక్షకూ అదే పద్ధతి వర్తిస్తుందనుకున్నాడు. తెర వెలిగింది. మధ్యలో చిన్న బాణం గుర్తు నిలబడింది. భూపాల్ మౌసు జరిపాడు. బాణం కదలలేదు.

టేబుల్ మీద జరిపాడు. పేపరు మీద, పరీక్ష అట్ట మీద, చివరికి తన తొడ మీద జరిపాడు. తరువాత లాప్‌టాప్ ఒంటి మీదే ఉండే, వేలితో రుద్దే పలకను రుద్దాడు. దానితోనూ కదలలేదు. రెండూ ఒకేసారి పోయాయంటే తప్పు మౌసులో లేదు, లోపల ఎక్కడో ఉందని తేల్చాడు. ఆ తర్కాన్ని తప్పుపట్టలేం. స్టార్టరూ మోటరూ రెండూ ఉలకకపోతే ఎవరైనా కరెంటు స్తంభం వైపే చూస్తారు.

మొయినాబాద్‌లో సెల్‌ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే మహేశ్వర్ అతని దోస్తు. ఫోన్‌లో సంగతంతా విని అందులో ఏ విండోస్ ఉందని అడిగాడు.

"విండోస్ గాదు. పిట్టది."

"గది ఫ్రీది గదా అన్న. ఫ్రీ దానికి జిమ్మెదారు ఎవడుంటడు?" అన్నాడు మహేశ్వర్. అన్నా, దోస్తు కాబట్టి ఒక వైద్యం చెప్పాడు. బ్యాటరీ ఊడదీసి అరగంట ఆగి మళ్ళీ పెడితే ఒక్కోసారి దారికొస్తాయట.

భూపాల్ బ్యాటరీ ఊడదీశాడు. అంతవరకు గడపలో కూర్చొని వింటున్న కృష్ణయ్య లేచి దాన్ని అందుకున్నాడు. మొన్నటి వానలకు స్టార్టరు నెమ్ము పట్టి మొరాయిస్తే, ఒక పూట ఎండలో పెట్టి దారికి తెచ్చింది ఆయనే. బ్యాటరీని డాబా మీదికి తీసుకుపోయి, ఆరబోసిన మక్క కంకుల పక్కన తుండు పరిచి, మంచి ఎండ తగిలే చోటు చూసి పడుకోబెట్టాడు. కింద భూపాల్ అరగంట ఆగి, బ్యాటరీ లేకుండానే ఛార్జర్ తగిలించి చూశాడు. బాణం ఉన్నచోటే ఉంది.

ఇక ఆలస్యం చేయలేదు. ప్లాట్ల బ్రోచర్లు పెట్టుకొనే సంచి ఖాళీ చేసి, లాప్‌టాప్, ఛార్జర్, మౌసు అందులో పెట్టి, బండి హ్యాండిల్‌కు తగిలించాడు. ఎవరి పరీక్షకైనా సొంత పని మానుకొని ఇంత పరుగు పెట్టే మగవాళ్ళు ఊరికి ఎందరుంటారో లెక్క తీయవచ్చు.

"కవిత వచ్చేవరకు తయార్ చేసి పెడ్త. నువ్వు ఆమెకు చెప్పకు బాపు, ఫికర్ చేస్తది" అని తండ్రికి చెప్పి బయలుదేరాడు.

తొమ్మిదికి కవిత ఇల్లు చేరింది. టేబుల్ మీద హాల్‌టికెట్ ఉంది, దాని ముందు ఏమీ లేదు. చెప్పనని కొడుక్కు ఇచ్చిన మాటను కృష్ణయ్య కోడలు చెంబెడు నీళ్ళు తాగేంతవరకు నిలబెట్టుకున్నాడు. తరువాత "చెప్పకన్నడు గని" అని మొదలుపెట్టి, మౌసు కదలలేదని కొడుకు లాప్‌టాప్ తీసుకొని మహేశ్వర్ దగ్గరికి పోయిన సంగతి చెప్పేశాడు.

కవిత అరుగు మీద కూలబడింది. "మౌసు పనిచేస్తలేదని లాప్‌టాపే కొంటబోయిండా? నాకు మౌసు ఎందుకు మామా?"

ఆ మాట కృష్ణయ్యకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఎవరికీ అర్థమయ్యే వీలు లేదు. ఎందుకంటే కవిత టైపు చేస్తున్నప్పుడు ఎవరూ పక్కన నిలబడి చూడలేదు. ఆమె నేర్చుకున్నది చేవెళ్లలో మమత మేడం సెంటర్‌లో. అక్కడ కంప్యూటర్లు ఆరు, మౌసు ఒకటి. ఆ ఒక్కదాన్ని మమత మేడం తనిఖీకి వచ్చే సార్ల కోసం సొరుగులో తాళం వేసి ఉంచేది. మిగిలిన రోజుల్లో పిల్లలందరూ కీబోర్డుతోనే దారి వెతుక్కోవాలి. ఏ మీట పక్కన ఏది నొక్కితే ఏ కిటికీ తెరుచుకుంటుందో, ఎక్కడికి దూకవచ్చో కవిత వేళ్ళకు ఇంటి గదుల్లా తెలుసు. చీకట్లో కూడా అగ్గిపెట్టె దొరుకుతుంది.

ఇక ఆ పలక పోలేదు. ఆమే ఆపేసింది. టైపు చేస్తుంటే గాజులు దానికి తగిలి, బాణం ఎగిరి, రాసిన అక్షరాలు ఇంకో వరుసలో పడేవి. గాజులు తీసి కొట్టమని మమత మేడం అన్నది. పండుగలు పబ్బాలు నడిచే ఇంట్లో ముత్తైదువ బోసి చేతులతో కూర్చోవడం రాములమ్మకు నచ్చలేదు. ఇద్దరినీ నొప్పించడం ఇష్టంలేక, మూడు నెలల కింద కవిత ఒక మీట నొక్కి పలకను ఆపేసింది. గాజులు ఉండిపోయాయి.

భూపాల్ ఫోన్ మోగింది గాని ఎత్తలేదు. బండి మీద ఉన్నట్టున్నాడు. కవిత మామ ఫోన్, హాల్‌టికెట్, చీర మడతల్లో దాచిన ఇంటర్నెట్ డాంగిల్ తీసుకొని చెప్పులు తొడుక్కుంది. మక్కలు తిరగేయడానికి డాబా ఎక్కిన రాములమ్మ, సంగతి విని, తన గుడ్డ సంచి చంకన పెట్టుకొని దిగివచ్చింది.

"నేను గూడ వస్త. పరేషాన్‌ల ఉన్నోళ్ళు ఒక్కలు రోడ్డు దాటొద్దు."

మొయినాబాద్ పోయే ఆటోలో అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. రాములమ్మ రోడ్డు వైపు చివరన, కవిత లోపల కూరగాయల గంపకూ ఒక పెద్దమనిషికీ నడుమన సర్దుకున్నారు. దారిలో సగం పోయాక ఎదురుగా భూపాల్ బండి వచ్చింది. హ్యాండిల్‌కు సంచి ఊగుతోంది. రాములమ్మ చేయి బయటికి చాపి గట్టిగా ఊపింది. భూపాల్ తల్లిని చూశాడు. పూలు అమ్మడానికి పోతున్నదనుకున్నాడు. కవిత ఆమె వెంట లేదంటే ఇంకా ఇల్లు చేరలేదన్నమాట, సంగతి ఆమెకు తెలియలేదన్నమాట అని నిమ్మళపడి, తానూ చేయి ఊపి, వేగం పెంచి చేవెళ్ల దిక్కు పోయాడు.

ఎనిమిది మంది కోసం పోతున్న ఆటోను ఇద్దరి కోసం తిప్పడం కుదరదని డ్రైవరు చెప్పాడు. అది న్యాయమే.

లాప్‌టాప్ బాగైతే భూపాల్ ఇంటికి పోతూ ఉండాలి, కాకపోతే ఎటు పోతున్నాడో మహేశ్వర్‌కే తెలియాలి అనుకుంది కవిత. కవిత మొయినాబాద్‌లో దిగుతూనే మళ్ళీ భర్తకు ఫోన్ చేసింది. మహేశ్వర్ దుకాణం మెట్లెక్కేసరికి ఆ ఫోన్ కౌంటరు మీద మోగుతూ కనిపించింది.

"మర్సిపోయిండు వదినా" అని మహేశ్వర్ దాన్ని తీసి ఇచ్చాడు. అతని ముఖం నిండా పని చేసి పెట్టినవాడి తృప్తి ఉంది. తన దగ్గరున్న మౌసులన్నీ గుండ్రటి పిన్నువట, లాప్‌టాప్‌కు పట్టలేదట. పలక కూడా చచ్చింది కాబట్టి రోగం మౌసుది కాదని, లోపలి ఫ్రీ సాఫ్ట్‌వేరుదని తేలిందట. మందు ఒకటే. విండోస్ సీడీని చేవెళ్లలో మమత మేడం సెంటర్ వాళ్ళు తీసుకుపోయారు కాబట్టి అన్నను అక్కడికే పంపాడట.

"మొత్తం తుడిసి విండోస్ ఎక్కిస్తే, మౌసు లేడిపిల్ల లెక్క ఉరుకుతది."

"మొత్తం తుడిస్తే అండ్లున్న నా పరీక్ష?"

మహేశ్వర్ చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది. "పరీక్ష ఉన్నదా? అన్న మౌసు అనే చెప్పిండు గని, పరీక్ష అని చెప్పలే."

అతనే సెంటర్‌కు ఫోన్ కలిపాడు. ఎవరూ ఎత్తలేదు. పదకొండుకు గాని తెరవరు. అప్పటికి పదిన్నర. ఇప్పుడు కవిత చేతిలో రెండు ఫోన్లున్నాయి. మాట్లాడవలసిన మనిషి దగ్గర ఒక్కటీ లేదు.

చేవెళ్ల బస్సు పావుగంటకు వచ్చింది. రాములమ్మకు సీటు దొరికింది. కవిత కమ్మీ పట్టుకొని నిలబడింది. కనకమామిడి వచ్చింది, పోయింది. ఇంటి డాబా బస్సులోంచి కనిపించింది. దాని మీద మామ వంగి కంకులు తిరగేస్తున్నాడు. ఎంత తెరిచి ఉంచినా కిటికీలోంచి గాలి రావడం లేదనిపించింది ఆమెకు. పరీక్ష తప్పితే ఏమవుతుంది? ఎవరూ ఏమీ అనరు. అదే కష్టం. "పోనీలే, ఇంట్ల పనికేం తక్కువ" అంటారు, ప్రేమగానే అంటారు. రెండేళ్ళు తెల్లవారుజామున కొట్టిన అక్షరాలన్నీ ఆ ఒక్క 'పోనీలే' కింద పడిపోతాయి.

చేవెళ్లలో భూపాల్ సెంటర్ మెట్ల మీద కూర్చొని పదకొండింటి వరకు తాళం కప్పను చూశాడు. మమత మేడం ఆ రోజు ఊళ్ళో లేదు. ఆమె దగ్గరే నేర్చుకొని ఇప్పుడు ఆమెకు సాయంగా ఉంటున్న పూజిత వచ్చి తలుపు తెరిచింది. కవితకు ఈమె తోటి విద్యార్థిని. విషయం విని, సీడీ పెట్టింది. లాప్‌టాప్ కొంతసేపు గురగురలాడి, ఇందులో ఉన్నదంతా చెరిపేయాలా అని అడిగింది. పూజిత వేలు మీట మీదికి పోయింది.

"కొట్టాల్నా బావా?"

పొద్దున ఏడున్నర నుంచి భూపాల్ ఏ నిర్ణయానికీ రెండు క్షణాలకు మించి తీసుకోలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న చదువుతుంటే మాత్రం ఎందుకో చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు పూజితా. మిషను కవితది. ఒక్క మాట అడుగుత."

ఆ రోజు మొత్తంలో అతను చేసిన తెలివైన పని అదే. నిజం చెప్పాలంటే చాలా సంసారాల్లో చాలా ఏళ్ళలో కూడా అంత తెలివైన పని జరగదు. పూజిత ఫోన్ తీసుకొని తండ్రి నంబరు కొట్టాడు.

బస్సులో కవిత చేతిలో ఫోన్ మోగింది.

"హలో బాపు, కవిత వచ్చిందా? ఒకసారి ఇయ్యి."

"నేనే."

అవతల గొంతు సవరించుకున్నాడు. ఆమె భయపడకుండా చెప్పాలని దూరం నుంచి మొదలుపెట్టాడు. ఏం కాలేదని, చిన్న రిపేరని, ఈ కాలంలో విండోసే మంచిదని...

"తుడిసిండ్రా?"

"ఇంకా లేదు. నువ్వు ఊ అంటే..."

"అనను. ఏం ముట్టకు. చేతులు కట్టుకొని కూసో. వస్తున్న."

బస్సులో నలుగురు తలలు తిప్పి చూశారు. ఎవరితో అంత గట్టిగా మాట్లాడుతున్నదని పక్కనున్న ఆమె రాములమ్మను అడిగింది.

"నా కొడుకుతోని" అన్నది రాములమ్మ, కొంచెం గర్వంగానే. చిన్నప్పటి నుంచి ఆ మాట వాడికి చెప్పడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు.

పదకొండున్నర దాటాక వాళ్ళు సెంటర్ మెట్లెక్కారు. భూపాల్ గోడవార బెంచీ మీద నిజంగానే చేతులు కట్టుకొని కూర్చొని ఉన్నాడు. ఎందుకైనా మంచిదని పూజిత కూడా కట్టుకుంది.

కవిత కుర్చీ జరుపుకొని కూర్చుంది. రెండు మీటలు నొక్కి సీడీని బయటికి పంపించింది. మరో మూడు మీటలకు లినక్స్ మళ్ళీ తెరుచుకుంది. డాంగిల్ పెట్టింది, దాని ఆకుపచ్చ దీపం వెలిగింది. వేళ్ళు అటూ ఇటూ రెండు అడుగులు వేశాయి, పరీక్ష గడప తెర మీదికి వచ్చి నిలబడింది. 'సమయం: 11.48. దయచేసి వేచి ఉండండి.' బాణం మాత్రం పొద్దున నిలబడ్డ చోటే ఉంది. దాని అవసరం ఎవరికీ పడలేదు.

భూపాల్ లేచి వచ్చి భార్య భుజం వెనుక నిలబడ్డాడు. "మౌసు లేకుంటె ఎట్ల చేస్తున్నవు?"

"ఎప్పుడూ గిట్లనే చేస్త."

"మరి చెప్పలే?"

"నువ్వు అడగలే."

ఆ పలక సంగతీ, గాజుల సంగతీ కవిత రెండు ముక్కల్లో చెప్పింది. భూపాల్ పొద్దుటి నుంచి తిరిగిన కిలోమీటర్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

అప్పుడు పూజిత గోడ గడియారం చూసి నాలుక కరుచుకుంది. ఈ వారం చేవెళ్లలో కరెంటు కోత పన్నెండు నుంచి రెండింటి దాకా. సెంటర్ ఇన్వర్టరు బాగుచేయించాల్సి ఉంది.

"బ్యాటరీ ఉంటది గదా అక్కా."

కవిత లాప్‌టాప్ అంచు ఎత్తి కిందికి తొంగిచూసింది. బ్యాటరీ ఉండాల్సిన చోట గుంట ఉంది. ముగ్గురు ఆడవాళ్ళూ భూపాల్ వైపు చూశారు. అతను చాలా నెమ్మదిగా, మహేశ్వర్ చెప్పిన వైద్యం, దాని మీద తండ్రి చేసిన వైద్యం వివరించాడు. బ్యాటరీ కనకమామిడిలో, డాబా మీద, మక్కల పక్కన ఆరుతోంది.

ఆటోలో, బస్సులో, మెట్ల మీద గట్టిగా ఉన్న కవిత అప్పుడు మొదటిసారి వేళ్ళను ఒళ్ళో పెట్టుకుంది. హాల్‌టికెట్ మీద తన పేరు వైపు చూసింది. బండి మీద ఎంత ఉరికినా పోయి రావడానికి ముప్పావు గంట. మిగిలింది ఎనిమిది నిమిషాలు. భూపాల్ తాళంచెవి తీసి పట్టుకున్నాడు గాని అడుగు ముందుకు పడలేదు. పోయినా లాభం లేదని అతనికీ తెలుసు.

రాములమ్మ అప్పటిదాకా తలుపు దగ్గర పీట లాంటిదేదో చూసుకొని కూర్చొని, కుండలోని నీళ్ళు తాగుతోంది. గ్లాసు కింద పెట్టి, గుడ్డ సంచి మూతి విప్పింది. బస్సు టికెట్లు, వక్కల పొట్లం, ఒక మక్క కంకి తీసి పక్కన పెట్టింది. అట్టడుగున తుండులో చుట్టిన నల్ల దిమ్మ ఉంది.

"గిదేనా మీరు అంటున్నది?"

కవిత లేచి దాన్ని అందుకుంది.

"మక్కలు తిరగేస్తుంటే కనవడ్డది. పిట్ట దానిదే అనుకున్న, సంచిల వేసుకున్న" అన్నది రాములమ్మ. "పసిపిల్లను దవాఖానకు కొంటబోయి, పాలసీసను డాబా మీద ఆరబెట్టి వస్తరా ఎవరన్న?"

బ్యాటరీ ఇంకా పెనం మీది రొట్టె వేడితో ఉంది. కవిత దాన్ని గుంటలో పెట్టి నొక్కింది. టక్కుమని కూర్చుంది. నలభై నిమిషాలకు సరిపడా ఉన్నట్టు తెర మూల చూపించింది. పరీక్ష తెరుచుకున్న అర నిమిషానికి నెత్తి మీది ఫ్యాను వేగం తగ్గి, ఆగిపోయింది.

గదిలో ఇక ఒకటే చప్పుడు. పైన కనిపిస్తున్న పాత పుస్తకం పుటను చూస్తూ కవిత కొడుతోంది. వేళ్ళ వైపు ఒక్కసారి కూడా చూడటం లేదు. ఒత్తులు, గుణింతాలు, మహాప్రాణాలు ఎక్కడివక్కడ వచ్చి కూర్చుంటున్నాయి. గాజులు పలక మీద ఆడుతున్నాయి, పలక పట్టించుకోవడం లేదు. భూపాల్ అయిదేళ్ళుగా కాపురం చేస్తున్న మనిషిని అప్పుడే చూస్తున్నట్టు చూశాడు. ఇంటి వెనుక గదిలో, తాను నిద్రలేవక ముందు, రెండేళ్ళపాటు జరిగింది ఇదా?

రాములమ్మ కొడుకు సంచి అడుగున మిగిలిపోయిన ప్లాట్ల బ్రోచరు ఒకటి లాగి కోడలికి విసరడం మొదలుపెట్టింది. ఆమెకు అక్షరం రాదు. కానీ ఆ చేతులను ఆమె ఎరుగును. పొద్దున్నే బంతి చేలో కూడా అవి ఇట్లాగే పోతాయి. కళ్ళు ముందున్న చెట్టు మీద ఉంటాయి, పువ్వు మాత్రం ఒళ్ళోకి వచ్చి పడుతుంటుంది. తెంపడం వచ్చిన చెయ్యి పువ్వును చూడదు.

"చెమటలు వట్టినయి బిడ్డ, జర నిమ్మళంగ" అన్నది చిన్నగా. కవిత వినలేదు.

పన్నెండున్నరకు తెర దానంతట అదే మూసుకొని, కొంచెంసేపు ఆలోచించింది. తరువాత నాలుగు వరుసలు వచ్చాయి. రాములమ్మ కోసం పూజిత పైకి చదివింది. నిమిషానికి ఇన్ని మాటలు, తప్పులు రెండు. 'కె. కవిత గారు, మీరు ఎంపికయ్యారు. సోమవారం ఉదయం మొయినాబాద్ కార్యాలయానికి రాగలరు.' బ్యాటరీలో ఇంకో ఆరు నిమిషాల ప్రాణం ఉంది. కవిత ఆ ఆరు నిమిషాలూ తన పేరు వైపే చూస్తూ కూర్చుంది, మూత వేయలేదు.

"గారు అని రాసిండ్రు" అన్నాడు భూపాల్. ఆ తరువాత కొంతసేపు అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

కొద్దిగా తేరుకున్నాక అతనికి అసలు దోషి గుర్తొచ్చింది. సంచిలోంచి మౌసు బయటికి తీశాడు. తోకా, వీపూ, మీటలూ చూసి, చివరికి బోర్లించాడు. ఎర్రదీపం వెలగాల్సిన చిన్న కన్ను కనిపించలేదు. దాని చోట ఎండిపోయిన పసుపు, దాని మీద గుండ్రంగా, చక్కగా, కుంకుమ బొట్టు.

పొద్దున్నుంచి భూపాల్, మహేశ్వర్ ఇద్దరూ ఆ మౌసును పరీక్షించారు. బోర్లించి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

అందరి చూపులూ తన మీదికి తిరిగినా రాములమ్మ తొణకలేదు. "దసరా నాడు అన్నిటికీ మొఖాన వెట్టిన. దీనికి మొఖమేదో తెల్వలే. మలిపి చూస్తే ఎర్రగ కన్ను కనవడ్డది. కన్నున్నకాడనే గదా బొట్టు వెట్టేది? అండ్ల తప్పేమున్నది?"

తప్పేమీ లేదు. ఆ మాటకు జవాబు చెప్పగల ఇంజనీరు గచ్చిబౌలిలో కూడా దొరకడు. కన్ను మూసుకుపోయిన మౌసు దారి చూడలేదు, అంతే. భూపాల్ బొట్టును గీకడానికి బొటనవేలి గోరు పెట్టాడు. కవిత ఆ చేతిని పట్టుకొని ఆపింది.

"ఉండనియ్యి. దాంతోటి నాకు పని లేదు. బొట్టుతోటే మంచి జరిగింది" అన్నది. ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది. నవ్వు పూజితకు అంటుకొని, భూపాల్ మీదుగా రాములమ్మ దాకా పోయింది. ఆమె మాత్రం నవ్వుతూనే, మౌసును కొడుకు చేతిలోంచి తీసుకొని, బ్యాటరీ వచ్చిన తుండులోనే చుట్టి సంచిలో వేసుకుంది.

సోమవారం నాటి ముచ్చట తరువాత తెలిసింది. తక్కినవాళ్ళు కీబోర్డుకూ మౌసుకూ నడుమ చేతులు తిప్పుతూ పోగొట్టుకున్న సమయాన్ని కవిత పోగొట్టుకోలేదని కంపెనీవాళ్ళు కాగితం మీద చూశారు. టైపు చేసే ఇరవై మందిలో ఒకరుగా కాక, మిగతా పంతొమ్మిది మందికి నేర్పే మనిషిగా తీసుకున్నారు. ఆమె మొదట చేసిన పని, టేబుళ్ళ మీది మౌసులన్నీ తీసి సొరుగులో పెట్టి తాళం వేయడం.

గురువారం సాయంత్రం మాత్రం వాళ్ళు ముగ్గురూ ఒకే బండి మీద ఇల్లు చేరారు. రెండు ఫోన్లూ వాళ్ళ దగ్గరే ఉండిపోవడం వల్ల కృష్ణయ్యకు పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ చెప్పలేదు. పదింటికి బ్యాటరీని రెండో వైపు తిప్పి ఆరబెడదామని డాబా ఎక్కిన మనిషి, అది కనిపించక, కోతులు ఎత్తుకుపోయాయో, కంకుల్లో కలిసిపోయిందో తేల్చుకోలేక, ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

ఆ ఏడాది కనకమామిడిలో అంత బాగా ఆరిన మక్కలు ఇంకెవరి ఇంట్లోనూ లేవు.